ఇస్ఫందార్ పది దాకా

గాలి మార్పు

తిరిగివచ్చి నెలన్నర అయింది. ఇప్పుడు కర్ర లేకుండా వీధి చివరిదాకా నడుస్తున్నాను కనక ఇది రాయకపోవడానికి సాకులేవీ మిగల్లేదు. మా బడిలో తోటి పంతుళ్ళు "నైజాములో ఏం చూశావయ్యా?" అని ఒకరి తరవాత ఒకరు అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు. వెళ్ళనివాళ్ళకు ఇది కాలక్షేపం. వెళ్ళదలచుకున్నవాళ్ళు చివరిదాకా చదివి నిర్ణయించుకోవచ్చు.

నాకు రెండేళ్ళుగా మధుమేహం ఉంది. ఇరవై ఆరేళ్ళ వయసులో, తీపి మీద పెద్ద మోజు లేని బక్కమనిషికి అది ఎందుకు వచ్చిందో మద్రాసు డాక్టరుగారు చెప్పలేకపోయారు. ఇన్సులిన్ అనే మందును రోజుకు రెండుసార్లు సూదితో ఎక్కించుకోవాలనీ, మానితే వారం గడవదనీ మాత్రం స్పష్టంగా చెప్పారు. పోయిన కార్తికంలో చూసి, "కొన్నాళ్ళు గాలి మార్చుకో" అన్నారు.

మా బంధువుల్లో వేరే గాలి పీలుస్తున్నది మా అక్క సుభద్ర ఒక్కతే. మా బావ రంగయ్య తెనాలి దగ్గర ఉన్న రెండెకరాలూ అమ్మి, నైజాము రాజ్యంలో బోధన్ అవతల కాలువ కింద పదిహేనెకరాలు కొని చెరుకు వేస్తున్నాడు. మావైపునుంచి వెళ్ళినవాళ్ళు గుంపుగా పాకలు వేసుకున్న అలాంటి చోట్లను అక్కడ క్యాంపులంటారు. డాక్టరుగారికి ఊరిపేరు చెప్పాను గాని పంట పేరు చెప్పలేదు.

అక్కకు జబ్బుపేరు కూడా చెప్పలేదు. కడుపులో పుండు, కాస్త పథ్యం అని ఉత్తరం రాశాను. చెబితే ఏడుస్తుంది. ఏడుస్తూ వడ్డించే మనిషి చేతి అన్నం తినడం కష్టం. బడికి రెండు నెలలు సెలవు పెట్టి, రెండు నెలలకూ పైన కొద్దిరోజులకూ సరిపడా మందుసీసాలు కట్టించుకుని బెజవాడలో రైలెక్కాను.

నిజామాబాదు, మొదటిసారి

సికింద్రాబాదులో చిన్నబండికి మారాలి. కామారెడ్డి దాటాక అడవి కిటికీలోకి వచ్చేస్తుంది. ఇందల్వాయి స్టేషన్లో ఒకావిడ బుట్టలో రేగుపళ్ళు అమ్ముతూ, "ఊకెనే తిను బిడ్డా, పైసలు తర్వాత" అంది. ఇద్దామని ఒక కాని డబ్బు తీసేలోగా బండి కదిలింది. ఆ కాని ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పైగా అది మన కాని, ఆ దేశంలో చెల్లదు. అక్కడ హాలీ నాణెం వేరు. మన రూపాయి ఇస్తే వాళ్ళ రూపాయీ, పైన రెండుమూడు అణాలూ ఇస్తారు. ఒక మెట్రిక్యులేషను కూడా చదవకుండా ధనవంతుణ్ణయ్యే మార్గం నాకు అదొక్కటే కనిపించింది.

నిజామాబాదు బజారులో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ ఒకే బేరంలో వినిపిస్తాయి. ఎర్రకారం, ఉల్లిగడ్డతో జొన్నరొట్టె అణాకు రెండు. మనవైపు అంత పెద్దది ఇస్తే విస్తరనుకుంటారు. నా జబ్బుకు అది అన్నంకన్నా మేలు. చాయ్ దుకాణంలో చక్కెర వద్దన్నాను. చాయ్ పోసే ఆయన గ్లాసు కింద పెట్టి, నా ముఖం కేసి చూసి, లోపలున్న తన అన్నను పిలిచి చూపించాడు.

ఆ చలికాలం బయటి ప్రాంతాలనుంచి వచ్చేవాళ్ళు సభలు పెడతారేమోనని ఆ సర్కారుకు అనుమానం. అంచేత ఠాణాలో పేరు రాయించుకుని పర్వానా తీసుకోవాలి. ఠాణాలో రాతకోతలు చూసే ముహర్రిర్ గడ్డం నెరిసిన పెద్దమనిషి. నా ముందు పదిమంది, వెనక ఇరవైమంది.

"ఎన్ని దినాలు?"

"రెండు నెలలు."

"ఏం పని?"

"గాలి మార్పు."

ఆయన తల ఎత్తాడు. "గీ గాలికా?" అని మళ్ళీ దించుకున్నాడు. "ఒంటి మీద గుర్తు చెప్పున్రి."

ఎడమకాలి చిటికెనవేలి మీద పెసరగింజంత పుట్టుమచ్చ ఉంది. చెప్పు విప్పి చూపించాను. రాసుకున్నాడు. ఉర్దూలో ఉన్న కాగితం ఇచ్చి, "ఇస్ఫందార్ పది దాకా" అన్నాడు. అది ఎప్పుడొస్తుందో అడిగేలోగా వెనకాయన మోచేయి నన్ను బయటికి పంపింది.

క్యాంపులో

ఆ రాత్రి భోజనాల దగ్గర బావను అడిగాను, ఇస్ఫందార్ అంటే మన ఏ నెల అని.

"మాఘం" అన్నాడు బావ, ఆలోచించకుండా. "కాలవలో నీళ్ళొచ్చే నెల. ఇస్ఫందార్‌లో నీళ్ళు వదులుతామని దండోరా వేస్తారు, మాఘంలో మన చేలో పడతాయి. మూడేళ్ళుగా చూస్తున్నాగా!"

మాఘం పదో రోజంటే రెండు నెలల పైమాటే. నేను అడిగిందీ రెండు నెలలే. లెక్క సరిగ్గా కుదిరింది. మనకు కావలసినట్టు కుదిరిన లెక్కను మళ్ళీ వేసి చూసే అలవాటు నాకు లేదు. బడిలో పిల్లలకు మాత్రం చూడమని చెబుతాను.

క్యాంపు సంగతి చెప్పాలంటే, మావాళ్ళు అక్కడ కూడా తెనాలినే కట్టుకున్నారు. అదే గోంగూర, అవే తగాదాలు. పక్క ఊరివాళ్ళు వీళ్ళను చూసి కాస్త నవ్వుతారు, కాస్త భయపడతారు. వీళ్ళు వాళ్ళ మాట విని నవ్వుతారు, వాళ్ళ పోలీసు అమీన్‌ను చూసి భయపడతారు. దూరంగా బోధన్‌లో కొత్తగా కడుతున్న చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం రోజూ ఒక మూర పెరుగుతుండేది.

పొద్దున్నే మందు ఎక్కించుకోవడానికి చెరుకుతోటలోకి వెళ్ళేవాణ్ణి. సీసాలు తడి ఇసుక పోసిన కూజాలో దాచాను. అక్కకు అది గంగాజలమని చెప్పాను. మద్రాసులో చదువుకున్నవాడికి అంత భక్తి ఎక్కడిదని పాపం చాలా సంతోషించింది.

తోటనుంచి వచ్చే దారిలో రాజన్న గానుగ. రాజన్నది ఆ పక్క ఊరే. నలభై దాటిన మనిషి, నల్లగా, పొడుగ్గా ఉంటాడు. తలకు ఎర్ర రుమాలు. ఎడ్లను తిప్పి చెరుకు ఆడించి, అక్కడే బెల్లం వండుతాడు. ఆ ప్రాంతంలో ఒక మర్యాద ఉంది. ఆడుతున్న గానుగ ముందునుంచి వెళ్ళే మనిషి ఎవరైనా సరే ముంత రసం తాగకుండా పోకూడదు. ఇచ్చేవాడు డబ్బు తీసుకోడు. తాగేవాడు వద్దనడు. మనవైపు ఎండాకాలం చలివేంద్రంలో కూడా కులం చూసి నీళ్ళు పోసేవాళ్ళను ఎరుగుదును. అక్కడ నన్నెవరూ ఏమీ అడగలేదు. ముంత చాపారంతే.

మొదటిరోజు సోమవారం ఉపవాసమన్నాను. మర్నాడు ఆంజనేయస్వామి అన్నాను. ఆ తరవాత దగ్గు, ఏకాదశి, పన్ను నొప్పి.

"పంతులు, మీ దిక్కు దేవుండ్లు శానమందే ఉన్నరు" అన్నాడు రాజన్న ఆరో రోజు. "ఒక్క దేవుడన్న జర రసం తాగనీయడా?"

నవ్వేసి వచ్చేశాను. అయినా ఆయన మానలేదు. ఇరవై రోజులు రోజూ ముంత చాపాడు, రోజూ వద్దన్నాను. ఇరవై ఒకటో రోజున ముంత చాపలేదు. నన్ను చూసి ఎడ్ల వైపు తిరిగి, "దూరంకెళ్లి పో పంతులు. మా గానుగ నీడ మీద పడ్తది" అన్నాడు.

అప్పుడు చెప్పవలసింది. చెప్పలేదు. మర్నాటినుంచి చుట్టుదారిన వచ్చాను.

స్టేషన్లో

మాఘ శుద్ధ అష్టమి, మంగళవారం నాడు బయలుదేరాను. గడువు ఇంకా రెండు రోజులుందని కొంచెం గర్వంగా కూడా ఉంది. కూజాలో రెండు రోజుల మందు మిగిలింది. ఇల్లు చేరడానికి రోజున్నర. నిజామాబాదు స్టేషన్లో జవాను పర్వానా చూసి, ఇంకో జవానుకు చూపించి, ఇద్దరూ నన్ను మర్యాదగా ఠాణాకు నడిపించారు.

అదే ముహర్రిర్.

"ఇస్ఫందార్ పది ఎప్పుడో పోయింది సాబ్. ఇప్పుడు ఫర్వర్దీ నడుస్తున్నది. ఇర్వై నాలుగు దినాలు ఎక్కువున్నరు."

"ఇస్ఫందార్ అంటే మాఘమాసం కదండీ?"

"ఎవలు చెప్పిన్రు?"

"మా బావ."

"ఆయనకెవలు చెప్పిన్రు?"

"కాలవ."

ఆయన కలం కింద పెట్టాడు. నేను వివరించాను. నీళ్ళు వదిలేది ఇస్ఫందార్‌లోనే. పైవాళ్ళ వంతులన్నీ అయి కాలువ చివరనున్న మా క్యాంపుకు చేరేసరికి నెల పడుతుంది. మా బావ నీళ్ళను చూసి నెల గుర్తుపెట్టుకున్నాడు. అందుకని మా క్యాంపు మొత్తం మీద సర్కారు కాలం ఒక నెల వెనక నడుస్తోంది.

ముహర్రిర్ నవ్వలేదు. ఇలాంటి కబుర్లు ఆయన చాలా విని ఉంటాడు. "గీ ఇర్వై నాలుగు దినాలు మీరెక్కడున్నరో, ఏం చేసిన్రో మాకెట్ల ఎర్క? గీడి ముల్కీ మనిషిని ఒకన్ని పట్టుకరాన్రి. 'దినాం చూసిన, ఎక్కడికి పోలే' అని జామీను రాసిస్తె అమీన్ సాబ్ దస్తఖత్ చేస్తడు. మీ బావ పనికిరాడు, ఆయన గూడ బయటోడే. జామీను లేకుంటె లోపల కూసుంటరు." లోపల అంటే ఎక్కడో కటకటాలు చూపించి చెప్పాడు.

పెట్టె ఠాణాలో ఉంచి, కూజా మాత్రం తీసుకున్నాను. "అండ్ల ఏమున్నది?" అన్నాడు. గంగాజలమన్నాను. అలవాటైన అబద్ధం తేలిగ్గా వస్తుంది.

స్టేషను ఎదుట మందుల దుకాణంలో అడిగాను. ఇన్సులిన్ ఆ ఊళ్ళో దొరకదు, హైదరాబాదునుంచి తెప్పించాలి అన్నాడు. సర్కారు దవాఖానా నాలుగడుగుల దూరంలో ఉంది. అక్కడికి వెళ్ళి చెప్పుకోవచ్చు. కాని చెప్పుకోవడంకన్నా బోధన్ వెళ్ళిరావడమే తేలిక అనిపించింది. మోతాదు సగం చేస్తే మందు శుక్రవారందాకా వస్తుందని లెక్క వేశాను. ఈ లెక్కను మాత్రం రెండుసార్లు వేసి చూసుకున్నాను.

ఎడపల్లి నుంచి నడక

బుధవారం బోధన్ బస్సు ఎడపల్లి దగ్గర ఆగిపోయింది. డ్రైవరు కిందికి దిగి, ఇంజను మూత తీసి, చూసి, మూసి, బీడీ ముట్టించాడు. అది ముగింపని అర్థమై అందరం నడిచాం. బోధన్ చేరేసరికి మధ్యాహ్నం. నోరు ఎండిపోతోంది. కనిపించిన ప్రతి బావి దగ్గరా ఆగి తాగాను, కనిపించిన ప్రతి పొద చాటుకూ వెళ్ళాను. దారి పొడవునా పచ్చని చెరుకు, తీపి వాసన. దాహంతో చచ్చేవాణ్ణి రసంలోంచి నడిపించడం దేవుడికి సరదాగా ఉందేమోగాని, నాకు పెద్దగా నవ్వు రాలేదు.

క్యాంపుకు దగ్గరదారి అని కొట్టేసిన చెరుకుచేలో అడ్డంగా పడ్డాను. ఎడమ జోడు అడుగు ఊడింది. చేతిలో పట్టుకుని నడిచాను. కోసిన చెరుకు మోడు వాడిగా, ఏటవాలుగా ఉంటుంది. చివరి రెండు వేళ్ళ మధ్య దిగింది. రక్తం కారింది గాని నొప్పి అంతగా తెలియలేదు. అదృష్టవంతుణ్ణి అనుకున్నాను.

గానుగ దగ్గర

తిన్నగా రాజన్న గానుగ దగ్గరికే వెళ్ళాను. ఆయన పెనంలో పాకం తిప్పుతున్నాడు. తల ఎత్తలేదు. జరిగింది చెప్పి, జామీను అడిగాను.

"నేనెందుకు రావాలె?" అన్నాడు రాజన్న. "మా చేతి రసం తాగవు. మా చేతి దస్తఖత్ మాత్రం కావాలె నీకు. దానికి మైల లేదా పంతులు?"

"మైల కాదు రాజన్నా."

"మరేంది? ఇర్వై దినాలు సాపిన ముంత. మా ఇంటామె అన్నది, 'గాయన మనల్ని మనుషులనుకుంటలేడు, ఎందుకు సాపుతవ్' అని. అయినా సాపిన. కుక్కకు గూడ అన్నిసార్లు సాపరు."

అప్పుడు చెప్పాను. చెప్పడం రాలేదు. అందుకని చొక్కా పైకెత్తి పొట్టమీద సూదిగాట్లు చూపించాను. రెండేళ్ళ గాట్లు. కూజా ఇసుకలోంచి సీసా తీసి చూపించాను. తీపి తాగితే నాకు విషమనీ, ఈ మందు లేకపోతే వారంలో పోతాననీ, ఇది శుక్రవారందాకా ఉందనీ అన్నాను. మా అక్కకు కూడా తెలియదన్నాను.

రాజన్న పెనంకేసి చూశాడు. పాకం మాడిపోతోంది. దాన్ని దించలేదు.

"షక్కర్ బీమారి" అన్నాడు. "షక్కర్ బీమారి పెట్టుకోని చెరుకు ఊరికొచ్చినవా?"

"గాలి మార్పుకు."

"నీ డాక్టరు నీకు పగోడా?" తిడుతూనే లోపలికి వెళ్ళాడు. ఇత్తడి ముంతలో ఉప్పేసిన చల్ల తెచ్చాడు. తాగాను. అంత రుచిగల వస్తువు ఆ దేశంలో ఇంకేదీ తినలేదు, తాగలేదు. "ముందే చెప్తే దినాం గిదే పోస్తుంటి గద, పిచ్చి పంతులా!" అన్నాడు. ఎడ్లను విప్పేశాడు. కోసిపెట్టిన చెరుకు గానుగ పక్కన కుప్పగా పడి ఉంది. రెండు రోజుల్లో ఆడకపోతే అది ఎండి, రసం తగ్గిపోతుంది.

శుక్రవారం

గురువారం ఆయన ఎడ్లబండిలో బోధన్, అక్కడినుంచి బస్సులో నిజామాబాదు. ఠాణా చేరేసరికి ముహర్రిర్ ఇంటికి వెళ్ళిపోయాడు. రేపు వద్దామనుకున్నాను గాని రేపు శుక్రవారం. ఆ రాజ్యంలో ఆదివారం కచేరీలు తెరుస్తారు, శుక్రవారం మూస్తారు. సెలవు దినం మీద కూడా నేను మన దేశపు లెక్కే వేసుకుని వచ్చాను.

ఆ ఊళ్ళోనే కంఠేశ్వర్‌లో రాజన్నకు దూరపు బంధువు ఒక ముసలావిడ ఉంది. బీడీలు చుట్టుకుని బతుకుతుంది. ఆవిడ అరుగు మీద పడుకున్నాం. పొద్దున్నే మక్కగట్క అనే మొక్కజొన్న సంకటి, చల్ల పెట్టింది. రెండు ముద్దలకన్నా మింగుడుపడలేదు. సీసాలో చివరి చుక్కలు సూదిలోకి లాగాను. కాలు చెప్పులో పట్టడం లేదు. వేళ్ళు కమిలి నల్లబడుతున్నాయి.

అవ్వ పెరట్లోకి వెళ్ళి వచ్చి గడపలో నిలబడింది. చేతిలో ఇంకా తునికాకు, కత్తెర ఉన్నాయి.

"రాజిగా, గీ పిల్లగాడు దొడ్లె కూసున్న తావుల చీమలు పుట్టపెట్టినయిరా."

"ఎర్కనే అవ్వా."

"ఎర్క ఉండి అరుగు మీద పండుకోబెట్టినవా? మా ఆయనకు గిట్లనే చీమలు పట్టె. తర్వాత కాలు నల్లగాయె. తర్వాత మాట తేడావడె. ఇయ్యాల గిట్లుంటె, రేపు సందెకు..." ఆవిడ నావైపు చూసి ఆగింది. తరవాత ఆలోచించుకుని, నేను చదువుకున్నవాణ్ణి కనక నిజం చెప్పినా ఫరవాలేదనుకుంది కాబోలు, "బతకవు కొడుకా, లే" అంది.

ఇంత సూటిగా రోగనిర్ణయం మద్రాసులో కూడా ఎవరూ చేయలేదు.

రాజన్న నన్ను భుజాన వేసుకున్నాడు. దారిలో ఎవరో బండి ఇచ్చారు. నా నోట్లోంచి మాగిన పండు వాసన వస్తోందని రాజన్న అన్నాడట. ఆ తరవాత నాకు సరిగ్గా తెలియదు.

దవాఖానాలో

డాక్టరు సాబు హైదరాబాదుకు తంతి కొట్టాడు. మందు వచ్చేదాకా రెండు రోజులు ఉప్పునీళ్ళు ఎక్కించి నన్ను ఆపాడు. మూడోరోజు రైల్లో, గార్డు పెట్టెలో, మంచు మధ్య ఇన్సులిన్ వచ్చింది. పర్వానా అక్కర్లేకుండా సరిహద్దులోపల స్వేచ్ఛగా తిరిగే వస్తువు ఒకటుందని నాకు అప్పుడు తెలిసింది. వారానికి వేళ్ళు రెండూ తీసేయక తప్పదన్నాడు. ఆలోచించుకోవడానికి గంట ఇచ్చాడు. నాకు అంత అవసరం లేకపోయింది.

అక్క వచ్చింది. నేను ఊహించినట్టే ఏడ్చింది. ఊహించనిది ఒకటుంది. గంగాజలమని నేను చెప్పిన కూజాకు ఆమె రోజూ పసుపుకుంకుమలు పెట్టి, నా కడుపులో పుండు తగ్గాలని మొక్కుకుందట. "నాకు చెబితే నేను ఏడుస్తాననా?" అంది. "ఏడిస్తే ఏడుస్తాను. దానికి నువ్వు కాలిస్తావా?" బావ గోడవైపు చూస్తూ, "నీళ్ళు అప్పుడే వచ్చాయి మరి" అని నాలుగుసార్లు అన్నాడు.

పద్దెనిమిది రోజులున్నాను. పక్క మంచం మీద ఆర్మూరువైపు పసుపు రైతు ఒకాయన పాము కరిచి వచ్చాడు. రోజూ పొద్దున్నే "పంతులు, ఉన్నవా?" అని అడిగేవాడు. "ఉన్నాను" అనేవాణ్ణి. తొమ్మిదోరోజున నేను అడిగాను. జవాబు రాలేదు.

మళ్ళీ ఠాణా

కర్ర మీద వెళ్ళాను. పక్కన రాజన్న, ఇంకోసారి గానుగ ఆపి వచ్చాడు. ముహర్రిర్ పాత కాగితం తీశాడు. అప్పటికి అదనపు రోజులు నలభై దాటాయి.

రాజన్న జామీను చెప్పాడు. "సాబ్, గీయన ఎక్కడికి పోలే. దినాం మా గానుగ ముంగటికెళ్లి పోయిండు, దినాం రసం వద్దన్నడు. తర్వాత సుట్టుదారిన పోయిండు, గది గూడ సూసిన. మా దిక్కు రసం వద్దన్న మనిషి గీయనొక్కడే. నాలుగూళ్ళల్ల ఎవర్నడిగినా చెప్తరు. సభలు పెట్టేటోడైతె ముందుగాల నలుగుర్ల కలుస్తడు గద, గిట్ల అందర్ని ఎందుకు దూరం చేసుకుంటడు?"

ఇంత చక్కటి వాదన నేను తర్కశాస్త్రం క్లాసులో వినలేదు. ముహర్రిర్ తల ఊపి రాసుకున్నాడు. తరవాత కాగితం దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"నిషానీ చూపించున్రి. ఎడమ కాలు, చిటికెన వేలు, పుట్టుమచ్చ."

కట్టు కట్టిన కాలు చూపించాను.

"వేలేది?"

"దవాఖానాలో తీసేశారు."

"మచ్చ?"

"దాంతోనే పోయింది."

ఆయన చాలాసేపు కాగితాన్నీ కాలునూ మార్చి మార్చి చూశాడు. వచ్చిన మనిషి గుర్తు వెళ్ళే మనిషికి లేదు. రాతప్రకారం నేను నేను కాదు. ఏమైందని అడిగితే ఈసారి అంతా చెప్పాను. సీసాలు, శుక్రవారం, మోడు, చీమలు. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"గా దినం చేతిల కుండ పట్టుకోని నిలవడితిరి. గంగాజలమంటిరి. దవా అని ఒక్క మాట చెప్తే గప్పుడే బండెక్కిస్తుంటి గద, సాబ్. బీమారోన్ని ఆపుమని ఏ ఖానూన్ల లేదు."

రాజన్న కిందికి చూశాడు.

ముహర్రిర్ పాత గుర్తు కొట్టేసి, కొత్తది రాసి, నాకు చదివి వినిపించాడు: ఎడమ పాదానికి చివరి రెండు వేళ్ళు లేవు. దాని మీద ఇసుక చల్లి, ఊది, అమీన్ సాబు దస్తఖత్ చేయించి తెచ్చి ఇచ్చాడు. "భద్రం. గిది పోయే గుర్తు కాదు" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. ఓదారుస్తున్నాడనే అనుకున్నాను.

బండి కదిలేముందు

స్టేషన్లో రాజన్న వేయించిన పల్లీల మూట ఇచ్చాడు. ఉప్పు వేశాడు, బెల్లం వేయలేదు. రెండు సీసాల నిండా చల్ల. పెట్టెలో ఎక్కడ పెట్టాలో ఆయనే సర్దాడు.

"పంతులు, ఒక మాట. తప్పనుకోవద్దు."

"చెప్పు రాజన్నా."

"నిన్ను చూడొచ్చిన దినం నీ వేళ్ళు దవాఖానోళ్ళు పారేస్తమంటె నేను పారేయనియ్యలే. గుడ్డల చుట్టి దవాఖాన గోడెంబడి, ఎవలకు కనపడకుంట పాతిపెట్టిన. మీద రాయి గూడ పెట్టిన, కుక్కలు తవ్వకుంట. మా దిక్కు గా పని సుట్టాలు చేస్తరు. మీ బావ ఏడ్సుకుంట కూసున్నడు, మీ అక్కను అడుగ మనసొప్పలే. నేనే చేసిన. చేయొచ్చునో లేదో."

బండి కూత వేసింది. పల్లీలు బాగున్నాయన్నాను. ఇంకా మూట విప్పలేదు.

మద్రాసు డాక్టరుగారికి మొన్న చూపించుకున్నాను. ఎడమకాలు మానిందన్నారు. కుడికాలు కూడా ఒకసారి పైకి పెట్టమన్నారు, చాలాసేపు చూశారు, నెలకోసారి రమ్మన్నారు. వెళతాను. అక్క ఉత్తరం రాసింది: రెండో తడికి నీళ్ళు ఇంకా ఆలస్యంగా వచ్చాయట, రాజన్న గానుగ ఈ ఏటికి ఆగిందట, దారిన పోతున్నప్పుడల్లా "పంతులు ఉన్నడా?" అని అడుగుతున్నాడట. ఉన్నానని రాశాను.

అన్నీ లెక్కచూస్తే, గడువు దాటాక ఆ రాజ్యంలో ఉండిపోయినవి ఇప్పుడు నావి రెండే. వాటికి పర్వానా లేదు. జామీను రాజన్న.